రెండు ముడుల పురికొస

ఆమె అన్నిటికంటే ముందు సంచీలోంచి పురికొస తీసింది.

కొండమీది కాస్తెల్‌ప్రూనో నుంచి
మొదటి బస్సులో దిగి, గుమ్మంలో బూట్లు దులుపుకుని
లోపలికొచ్చిన ఒర్తెన్సియా.
నేను ఇంజను గురించి మొదలెట్టాను,
లీటరుకి ఎన్ని కిలోమీటర్లో చెప్పబోయాను.
"అవన్నీ తర్వాత" అని
ఒక కొస నా చేతికిచ్చి
"ఆ చెవి దగ్గర పట్టుకో" అంది.

చెవి అంటే అద్దం.

టై వేలాడుతుండగా వంగి పట్టుకున్నాను.
ఫ్రాన్సు ఎర్రది
ముడి దాటి బెత్తెడు బయటికొచ్చింది.
కొరియా తెల్లది, ఈ ఏడు మేం ఎక్కువ అమ్మింది,
జానెడు.
జర్మన్లదాని దగ్గర పురికొస విప్పనే లేదు.
కంటితో కొలిచి
"వీడికి ఛాతీ ఎక్కువ" అని దాటిపోయింది.

ఇక మా దేశపు బండి.
పోటీ బండ్లన్నిటికంటే మూడు వేళ్లు సన్నం.
ఆ ఒక్క మాట చెప్పి ఎన్ని అమ్మానో!
లాగాం.
రెండు వేళ్లు చాల్లేదు.

"అద్దాలు మడుచుకుంటాయమ్మా"
మీట నొక్కి చూపించాను కూడా.
"వానలో, చీకట్లో, ఆ మలుపులో
చెవులు మూసుకుని రమ్మంటావా?"

కేటలాగులో వెడల్పు అంకె కింద
చీమతలంత అక్షరాలుంటాయి:
అద్దాలు కాకుండా.
పదకొండేళ్లుగా ఆ చీమతలని
బొటనవేలితో కప్పి చూపిస్తున్నాను.

వెనక పెరట్లో, మార్పిడికి వచ్చిన పాతవాటి మధ్య
తవుడు రంగుదొకటి,
ఇరవయ్యారేళ్లది, ఒక తలుపు వేరే రంగు.
లోపల నిగనిగలాడేదానిదీ దీనిదీ ఒకటే పేరు.
ఒళ్లే వేరు.
వాళ్లు పెరిగారని ఇది,
ఇది పెరిగిందని వాళ్లు,
ప్రతి కొత్త అచ్చులోనూ ఇంత ఇంత పక్కకి జరిగి
అందరూ లావెక్కారు.
సందులకి ఆ కబురు ఎవరూ చెప్పలేదు.

పురికొస వదులైంది.
అటో వేలు, ఇటో వేలు.
ఆమె నవ్వలేదు. పక్క తలుపు తెరవమంది.
తెరిచిన తలుపు అంచు నుంచి అవతలి ఒంటిదాకా
మళ్లీ లాగి, రెండో ముడి మీద గోరుంచి
చాలాసేపు చూసింది.
అదేమిటని నేనడగలేదు. చెక్కు రాసింది.

గురువారం నేనే తోలుకెళ్లాను.
ఊరి మొదట్లో కమాను.
దాని రాళ్లమీద నడుమెత్తున గీతలు,
ఎరుపు, తెలుపు, మళ్లీ తెలుపు, వెండి.
మా షోరూము పద్దు మొత్తం అక్కడ గీసుంది.
ఆ వెండిగీత నాకు గుర్తే,
పోస్టుమాస్టరు తెబాల్దోకి నేనమ్మిందే,
తరుగు కూడా ఇచ్చాను.

ఊపిరి బిగబట్టాను, ఎందుకో పొట్ట కూడా.
దాటాం.

సందు చివర ఆమె వదిన దెల్ఫీనా
గడప మీద కోటు వేసుకుని నిలబడి ఉంది.
వారానికి మూడుసార్లు
రక్తం కడిగించుకోవడానికి కింద ఆసుపత్రికి పోవాలి.
ఇన్నాళ్లూ వంటింటి కుర్చీలో కూచోబెట్టి
కమాను దాకా ఇద్దరు మోసేవాళ్లు.
ఆ ఇద్దరిలో ఒకడికి ఇప్పుడు నడుంనొప్పి.

తలుపు తెరిచాను.
ఎదుటి గోడకి చిటికెనవేలంత దూరంలో ఆగింది.
దెల్ఫీనా ఒక కాలు పెట్టి, కాస్త ఆగి,
రెండోది లాక్కుని,
ఎవరి చెయ్యీ పట్టుకోకుండా కూచుంది.
కూచుని, అద్దం తన వైపు తిప్పుకుని
జుట్టు సర్దుకుంది.

తిరుగు బస్సు ఇంకా గంట ఉంది.
ఆ పురికొస ఇస్తారా అనడిగాను,
షోరూములో పనికొస్తుందని.
ఒర్తెన్సియా గడ్డంతో పైకి చూపించింది.
బాల్కనీలో టమాటా తీగ
ఒరిగిపోకుండా కట్టేసి ఉంది దానితో.
ఒక ముడి దగ్గర పచ్చికాయ,
ఇంకో ముడి ఆకుల్లో ఎక్కడో.